గరిటవ్వ చావకూడదు

వంటింటి తలుపు ఇంకా తెరుచుకోలేదు.

లోపల గిన్నె కదిలిన చప్పుడు లేదు, కుళాయి తిప్పిన చప్పుడు లేదు. ఆ ఇంట్లో అత్తగారు మాట్లాడితే ఎవరికీ భయం లేదు. మాట్లాడకపోతేనే భయం.

"అత్తయ్యా, ఒక్కసారి తలుపు తీయండి. నేను చెప్పేది వినండి," అంది కోడలు తలుపుకి చెవి ఆనించి.

ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"కాళ్ళు కనిపిస్తున్నాయమ్మా!" నేలమీద బోర్లా పడుకుని తలుపు కింది సందులోంచి చూస్తున్న కూతురు వార్త అందించింది. ఎనిమిదేళ్ళ ఆ పిల్లని ఇంటిల్లిపాదీ పిడుగు అంటారు. "స్టూలు మీద కూచుంది. ఎడమకాలు ఊపుతోంది."

ఎడమకాలు ఊగుతోందంటే కోపం నషాళానికి అంటినట్టే.

"అసలు నువ్వేం చదివి వినిపించావే?"

"నువ్వు రాసిందే."

"ఎంతదాకా?"

"మొత్తం. కంటి ఆపరేషన్ అయింది కదా, ఊరికే పడుకోలేకపోతున్నా, ఏదైనా చదివి పెట్టు అంది నాన్నమ్మ. రెండు పుస్తకాలూ చదివేశాను. గొంతు మార్చి, నటించి మరీ చదివాను," అంది పిడుగు గర్వంగా.

కోడలు నెత్తిన చేతులు పెట్టుకుంది.

ఊళ్ళో పిల్లలందరికీ గరిటవ్వ తెలుసు. గరిటె ఎక్కి ఇళ్ళ కప్పుల మీదుగా ఎగురుతూ పిల్లల గొంతులు దొంగిలించే మంత్రగత్తె. గడ్డం మీద పుట్టుమచ్చ, ఆ మచ్చలో ఒకే ఒక్క తెల్ల వెంట్రుక. చెప్పులు టపటపలాడించుకుంటూ నడక. చెయ్యి గాల్లో తిప్పి "ఊఁ అంటే ఊరుకుంటానా!" అందంటే ఎదుటివాడు కప్పయినా కావాలి, కుక్కయినా కావాలి.

గరిటవ్వ తెలియని మనిషి ఊరు మొత్తానికి అత్తగారు ఒక్కతే. "పిల్లకాయల పుస్తకాలు నాకెందుకు?" అని ఇన్నాళ్ళూ వాటి జోలికి పోలేదు. పోనందుకు కోడలు మనసులోనే దండాలు పెట్టుకునేది. ఆ మచ్చా, ఆ వెంట్రుకా, ఆ టపటపలూ, కూరగాయలవాడి దగ్గర్నుంచి కన్నకొడుకు దాకా అందరిమీదా ప్రయోగించే ఆ "ఊఁ అంటే ఊరుకుంటానా" కూడా అత్తగారివే మరి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవలసిన మనిషి కోడలే. మొదటి పుస్తకం వచ్చిననాటి నుంచీ తడుముకుంటూనే ఉంది.

వీధిలో బండి ఆగింది. లాండ్రీ నడిపే భర్త, ఇస్త్రీ బట్టలు ఇళ్ళకి అందించే పని మధ్యలో వదిలేసి పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"ఏమైంది? అమ్మ తలుపేసుకోవడమేమిటి?"

"గరిటవ్వ ఎవరో తెలిసిపోయింది," అంది కోడలు.

అతని మొహం పాలిపోయింది. "ఎంత పని చేశావోయ్! మా అమ్మని మంత్రగత్తెని చేస్తావా?"

"ఇప్పుడు తెలిసినట్టు మాట్లాడతారేమిటి? మొదటి పుస్తకం చదివి మంచం మీంచి కిందపడేలా నవ్విందెవరు? 'ఆ వెంట్రుక సంగతి రాశావా, మర్చిపోకు' అని గుర్తు చేసిందెవరు?"

"నెమ్మదిగా! అమ్మ వింటుంది!"

"వింటూనే ఉన్నా," అంది తలుపు.

ముగ్గురూ ఒక్కసారిగా బిగుసుకుపోయారు.

"అమ్మా," అన్నాడు భర్త, గొంతులో తేనె ఒలకబోసుకుంటూ. "అదేదో సరదాకి రాసింది. నీమీద గౌరవం లేక కాదు."

"నోర్ముయ్యరా."

అతను నోరు మూసుకున్నాడు. కోడలు తలుపుకి ఇంకాస్త దగ్గరగా జరిగింది. తాడో పేడో తేల్చుకోవాలనుకుంది.

"అత్తయ్యా, నిజం చెప్తాను. మొదటి పుస్తకం కోపంతోనే రాశాను. కొత్తగా కాపురానికి వచ్చిన రోజులు. మీరు గట్టిగా అరిస్తే గదిలోకి పోయి రాసుకునేదాన్ని. కానీ రెండో పుస్తకం దగ్గరికి వచ్చేసరికి గరిటవ్వ లేని పేజీ రాయబుద్ధే అయ్యేది కాదు. నన్ను తిట్టండి, కొట్టండి. తలుపు మాత్రం తీయండి."

లోపల స్టూలు కిర్రుమంది. చెప్పులు టపటపమంటూ తలుపుదాకా వచ్చి ఆగాయి.

"నన్ను మంత్రగత్తెని చేశావని ఏడుస్తున్నాననుకున్నావా?" అంది అత్తగారు. "ఆ పుస్తకాల్లో ఆవిడ కాకపోతే ఇంకేముంది? మిగతా అంతా పిల్లకాకులేగా! గరిటె మీద సముద్రం దాటుతుంది, మేయరుగారి మీసం మాయం చేస్తుంది. వింటుంటే నాకే ఒళ్ళు పులకరించింది. నా బాధ అది కాదు!"

"మరేమిటి అత్తయ్యా?"

"మూడో పుస్తకంలో నన్ను చంపుతావట కదా!"

కోడలు కూతురి వైపు చూసింది. పిడుగు గోడవైపు చూసింది.

"చదవలేదు, చెప్పానంతే," అంది పిడుగు గోడతో. "నాన్నమ్మ తర్వాతేమవుతుంది, తర్వాతేమవుతుంది అని ప్రాణం తీసింది. కుండలో పడి పొగైపోతుందని చెప్పేశాను."

"పొగ!" లోపల గొంతు ఇల్లు అదిరేలా లేచింది. "సముద్రం దాటిన మనిషి కుండలో పడి పొగైపోతుందా? మంత్రాలన్నీ తెలిసినదానికి కుండలోంచి లేవడం తెలియదా? ఇదేనా నువ్వు రాసేది? ఎప్పుడు అచ్చవుతుంది అది?"

కోడలు గోడ గడియారం వైపు చూసింది.

"అమ్మాయ్, నిన్నే!"

"ఇవాళే అత్తయ్యా," అంది కోడలు. "పొద్దుటినుంచి ప్రెస్సులో అచ్చవుతూనే ఉంది."

గడియ తీసిన చప్పుడు. తలుపు తెరుచుకుంది. అత్తగారు ఇస్త్రీ చీర కట్టుకుని, చేతికి సంచి తగిలించుకుని, కంటికి ఆపరేషన్ నల్లద్దాలు పెట్టుకుని నిలబడి ఉంది. కోపంలో కూడా తల నున్నగా దువ్వుకుంది.

"బండి తియ్యరా," అంది కొడుకుతో.

*

లాండ్రీ బండిలో ముందు రెండే సీట్లు. వెనకాల ఇనుప కడ్డీలకి వేలాడే చొక్కాలూ కోట్లూ తప్ప కూర్చోవడానికి ఏమీ లేదు. కోడలూ పిడుగూ వాటి మధ్య దుప్పట్ల మూట మీద కూలబడ్డారు. బండి మలుపు తిరిగినప్పుడల్లా ఎవరిదో పెళ్ళి కోటు చెయ్యి వచ్చి కోడలి చెంప తడిమిపోతోంది.

ఆమె ఫోను చెవికి ఆనించుకుని ప్రచురణకర్తతో మాట్లాడుతోంది. పిల్లల పుస్తకాలు తప్ప మరొకటి వేయని ఆ పెద్దావిడని అందరూ మేడమ్ అనే పిలుస్తారు.

"మేడమ్, ముగింపు మార్చాలి... తెలుసు మేడమ్... మీరు చంపమంటే ఒప్పుకున్నాను, నిజమే... ఆఖరి ఫారం ఎక్కించారా?"

ఫారం అంటే ఒకే పెద్ద కాగితం మీద అచ్చయ్యే పేజీల గుంపు. పుస్తకం అలా ఫారాలు ఫారాలుగా తయారవుతుంది. గరిటవ్వ చావు ఆఖరి ఫారంలో ఉంది.

"ఏమంది?" అడిగాడు భర్త.

"ఇంకా ఎక్కించలేదట. ముందరిది నడుస్తోందట. అది అయిపోగానే ఎక్కిస్తామంది. ఫోను పెట్టేసింది."

అతను హారన్ మీద అరచెయ్యి పెట్టి తీయలేదు.

అత్తగారు మాట్లాడలేదు. ముందద్దంలోంచి రోడ్డునే చూస్తోంది. ఆ మౌనం వెనక్కి పాకి చొక్కాల మధ్య కూర్చున్న కోడల్ని చేరింది. ఏదో ఒకటి అనాలి. ఏమనాలో తెలియదు. కోపంతో రాశానని చెప్పకుండా ఉండాల్సిందా? చెప్పినందుకే తలుపు తెరుచుకుందేమో! ఇన్నేళ్ళుగా ఒకే పొయ్యి దగ్గర నిలబడిన ఇద్దరు మనుషుల మధ్య ఇంత మౌనం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమెకి అంతుపట్టలేదు.

కూడలిలో ఎర్ర దీపం పడింది. పక్కనే ఒక స్కూలు బస్సు వచ్చి ఆగింది.

బస్సు కిటికీలోంచి జడల పిల్ల ఒకతె ఊరికే ఇటు చూసింది. చూపు అత్తగారి గడ్డం దగ్గర ఆగిపోయింది. నోరు తెరుచుకుంది. పక్కపిల్లని మోచేత్తో పొడిచింది. ఆ పిల్ల ఇంకోపిల్లని పొడిచింది. కన్ను మూసి తెరిచేలోపల బస్సులో ఇటువైపు కిటికీలన్నీ నొక్కుకుపోయిన ముక్కులతో నిండిపోయాయి.

"గరిటవ్వ!" అని అరిచిందో గొంతు.

"కాదేమో రా."

"మచ్చ చూడు! వెంట్రుక చూడు! నల్లద్దాలు పెట్టుకుని మారువేషంలో వచ్చింది!"

కోడలు పెళ్ళి కోటు వెనక దాక్కుంది. అయిపోయింది, ఇక ఈ జన్మలో అత్తగారు నాతో మాట్లాడదనుకుంది. భర్త పచ్చదీపం కోసం దేవుళ్ళందరికీ మొక్కుతున్నాడు.

అత్తగారు నెమ్మదిగా కిటికీ అద్దం దించింది. నల్లద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. బస్సువైపు తిరిగింది.

ఒక్క క్షణం ఆ పిల్లలంతా ఊపిరి బిగబట్టారు.

"ఊఁ అంటే," అంది అత్తగారు. ఆగింది. చెయ్యెత్తి గాల్లో గిర్రున తిప్పింది. "ఊరుకుంటానా!"

బస్సు బద్దలైపోయింది. కేకలు, ఈలలు, సీట్ల మీద గెంతులు. ఒకడు సంతోషం పట్టలేక కప్పలా బెకబెకమన్నాడు. డ్రైవరు లేచి నిలబడి చూశాడు. ఆ గొంతు ఎన్ని హారన్ల మధ్యనుంచి, ఎంత స్పష్టంగా, ప్రతి అక్షరం విడివిడిగా వినిపించిందో కోడలు అప్పుడే మొదటిసారి గమనించింది. రోజూ వింటున్న గొంతే. కానీ వంటింట్లో అది అరుపు. ఇక్కడ రోడ్డు మీద అది మరేదో.

పచ్చదీపం పడింది. బండి కదిలాక కూడా వెనకనుంచి "గరిటవ్వా! గరిటవ్వా!" అని వినిపిస్తూనే ఉంది.

"చూశావా," అంది అత్తగారు వెనక్కి తిరక్కుండానే. బుగ్గలు ఎర్రబడి, ఊపిరి ఎగపోస్తోంది. "వీళ్ళకి చెప్తావా, పొగైపోయిందని?"

పిడుగు ముందుకి పాకి నాన్నమ్మ మెడ వెనకనుంచి గట్టిగా పట్టుకుంది.

"స్పీడు పెంచు నాన్నా!" అంది.

*

ప్రెస్సు లోపల నేల వణుకుతోంది. మెషీను ధడధడా కాగితాలు మింగి అవతలివైపు కక్కుతోంది. ఇంకు వాసన గొంతులో పట్టేస్తోంది. ఒక మూల కాగితాలు మడిచే ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు.

మేడమ్ మెషీను పక్కనే నిలబడి ఉంది. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని, కోడలి వెనక వచ్చిన కుటుంబాన్ని ఎగాదిగా చూసింది. అత్తగారి గడ్డం మీదికి రాగానే ఆమె చూపు కూడా ఆగింది.

"ఓహో," అంది నెమ్మదిగా. "ఇప్పుడర్థమైంది."

"ఏమర్థమైంది?" అంది అత్తగారు. "నన్ను చంపమని సలహా ఇచ్చింది నువ్వేనటగా."

"చంపడమేమిటండీ, అది కథ. నేనూ సరదాపడి అడగలేదు. ఒక తల్లి ఫోన్ చేసి ఏడ్చింది. మావాడు రాత్రి దీపం ఆర్పనివ్వడం లేదు, మీ మంత్రగత్తె వస్తుందని భయం అంది. అలాంటివాళ్ళు ఇంకా ఉన్నారు. చెడ్డపని చేసిన మనిషికి శిక్ష పడకుండా కథ ముగిస్తే పిల్లలు ఏం నేర్చుకుంటారు అంటున్నారు."

"దీపం ఉంటే ఇంకో పేజీ చదువుకోవచ్చని అలా అని ఉంటాడు," అంది పిడుగు. "నేనూ అలాగే చెప్తాను."

కోడలు చటుక్కున కూతురి వైపు తిరిగింది. ఆ సంగతి తర్వాత చూద్దామనుకుంది.

కాగితాలు మడిచే ఆడవాళ్ళలో ఒకావిడ పని ఆపి తలెత్తింది. "గరిటవ్వ పోతుందా మేడమ్? నేను పొద్దుటినుంచి మడుస్తూ ముక్కలు ముక్కలుగా చదువుతున్నా. ఆఖర్న ఏదో మంత్రం వేసి తప్పించుకుంటుందనే అనుకున్నా."

"మీరు మడవండమ్మా," అంది మేడమ్. గొంతులో విసుగు ఉంది గానీ పట్టు లేదు. కోడలికి అది వినిపించింది.

"మేడమ్, చంపొద్దు," అంది కోడలు. "నేను మార్చి రాస్తాను. ఇక్కడే, ఇప్పుడే."

"ఆఖరి బొమ్మ మాటేమిటి? కుండలోంచి పొగ లేస్తున్నట్టు వేయించాం కదా."

"పొగ ఉండనివ్వండి. పొగలోంచి ఏం బయటికొచ్చినా ఎవరడుగుతారు?"

ప్రెస్సు మేస్త్రి గుడ్డతో చేతులు తుడుచుకుంటూ దగ్గరికొచ్చాడు. "ఒక్క పేజీ అక్షరాలే అయితే అచ్చు ప్లేటు మార్చొచ్చు. ఈ ఫారం అయ్యేలోపల ఇవ్వాలి. అయ్యాక మెషీను ఆపి కూర్చోలేను, తర్వాత వేరేవాళ్ళ పని ఉంది."

మేడమ్ కళ్ళజోడు కిందికి దించుకుని కోడలి మొహంలోకి చూసింది.

"సరే. చంపకు. కానీ ఒకటడుగుతాను, జవాబు చెప్పు. నీ గరిటవ్వ పిల్లల గొంతులు దొంగిలించి డబ్బాల్లో పెట్టి మూత బిగిస్తుంది. రెండు పుస్తకాలుగా ఇదే పని. ఎందుకు? పిల్లల ఉత్తరాల్లో అందరూ అడిగేది అదే. గొంతులు ఏం చేసుకుంటుంది, తింటుందా, అమ్ముకుంటుందా అని. ఎందుకో తెలియని చెడ్డదాన్ని చంపడమే సులువు. బతికించాలంటే ఎందుకో చెప్పాలి."

కోడలు అచ్చయిన కాగితాల కట్ట వైపు చూసింది.

ఎందుకు? ఆ డబ్బాలు వంటింటి పై అరలోంచి వచ్చాయి. గొంతులు ఎక్కణ్ణుంచి వచ్చాయో ఆమెకే తెలియదు. ఒకరోజు రాస్తుంటే వచ్చాయంతే. మెషీను ధడధడలు లెక్కపెడుతూ నిలబడిపోయింది.

"నాకు తెలుసు," అంది అత్తగారు.

అందరూ తిరిగి చూశారు.

"ఆవిడ గొంతు అంతకుముందే ఎవరో తీసేసుకున్నారు. అందుకని." అత్తగారు కాగితాల కట్ట మీద చెయ్యి ఆన్చింది. "ఇది ఎవరు చెప్పారే నీకు? నేనెప్పుడూ చెప్పలేదే."

"ఏది అత్తయ్యా?"

"పెళ్ళికి ముందునుంచీ నేను బస్టాండులో పనిచేసేదాన్ని. మైకులో."

"బస్సుల్ని పిలిచేదానివా?" అంది పిడుగు కళ్ళు పెద్దవి చేసుకుని.

"ఏ బస్సు ఎక్కడికొచ్చి ఆగుతుందో చెప్పేదాన్ని. తప్పిపోయిన పిల్లల్ని నా దగ్గరికి తెచ్చి కూర్చోబెట్టేవాళ్ళు. వాళ్ళ అమ్మానాన్నల్ని మైకులో పిలిచేదాన్ని. ఎంత ఏడ్చే పిల్లయినా నేను మైకు ముందు నోరు తెరవగానే టక్కున ఊరుకునేది." అత్తగారి మొహంలో చిన్న వెలుగు వచ్చి పోయింది. "పెళ్ళయిన కొత్తలో మా అత్తగారు ఊరెళ్ళడానికి బస్టాండుకి వచ్చింది. పైన స్పీకరులోంచి నా గొంతు విన్నది. ఊరు వెళ్ళడం మానేసి ఇంటికొచ్చి కూర్చుంది. ఇంటికోడలి గొంతు ఊరంతా వినాలా అంది. మర్నాటినుంచి నేనిక పనికి వెళ్ళలేదు."

మడిచే ఆడవాళ్ళ చేతులు ఆగిపోయాయి.

"ఇంట్లో అయినా మాట్లాడనిచ్చిందా? పిల్లాణ్ణి నిద్రపుచ్చుతుంటే పక్కగదిలోంచి 'నెమ్మదిగా' అనేది. నవ్వితే 'నెమ్మదిగా'. ఆవిడ పోయేదాకా ఆ ఇంట్లో నావి గుసగుసలే. పోయిన మర్నాడు అరవడం మొదలుపెట్టాను. ఇంకా ఆపలేదు."

కోడలి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా లోపల ఏదో ఎగిరి గంతేస్తోంది. దొరికింది! గరిటవ్వ ఎవరో, ఎందుకో, మూడు పుస్తకాలుగా చీకట్లో తడుముకుంటున్నది మొత్తం దొరికింది. మేడమ్ అప్పటికే సంచీలోంచి తెల్లకాగితాలు లాగి బల్లమీద పరిచింది.

"రాయి," అంది మేడమ్. "ఇదే. అచ్చం ఇదే రాయి."

కోడలు బల్ల ముందు కూలబడింది. కలం కోసం చెయ్యి చాపింది.

"రాయొద్దు."

ఆ మాట అన్నది భర్త. ఊరంతా హారన్ మోగించుకుంటూ బండి తోలుకొచ్చిన మనిషే. ఇప్పుడు అతని మొహంలో రక్తం లేదు.

"మా నాన్నమ్మ అలాంటిది కాదు," అన్నాడు. "నన్ను ఎత్తుకు పెంచింది. జ్వరమొస్తే నా మంచం పక్కనుంచి కదిలేది కాదు. ఆవిడ గురించి ఇలాంటివి అచ్చెయ్యడానికి వీల్లేదు."

"నీకు మంచిదే రా," అంది తల్లి. "కాదని నేనెప్పుడన్నాను?"

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు ఇలా చూస్తావని."

అతను తల తిప్పుకున్నాడు.

"పేర్లు రాయనండీ," అంది కోడలు. "ఎవరికీ తెలియదు."

"అమ్మని చూసి రోడ్డు మీద పిల్లలు పోల్చుకోలేదూ? రేపు మా నాన్నమ్మ ఫొటో చూసి పిడుగు ఏమంటుంది? మంత్రగత్తె అనదూ?"

"మీ అమ్మని అన్నప్పుడు మంచం మీంచి పడేలా నవ్వారు కదండీ."

ఆ మాట నోరు జారిందో, కావాలనే అన్నదో ఆమెకే తెలియలేదు. పిడుగు ఒకసారి తండ్రినీ, ఒకసారి నాన్నమ్మనీ చూసి, తల్లి పక్కకి వచ్చి నిలబడింది.

మెషీను ధడధడ నెమ్మదించింది. ఒక్కో కాగితం విడివిడిగా పడుతోంది. చివరిది పడింది. ప్రెస్సు మొత్తం ఒక్కసారిగా చెవుడొచ్చినట్టు నిశ్శబ్దమైపోయింది.

"ఫారం అయిపోయింది," అన్నాడు మేస్త్రి. "పాత ప్లేటు ఎక్కించమంటారా, ఆగమంటారా?"

భర్త ముందుకొచ్చి తెల్లకాగితం మీద అరచెయ్యి పరిచాడు.

"చెయ్యి తియ్యరా," అంది అత్తగారు. ఆమె గొంతు పెంచలేదు. అయినా ఆ మూలనుంచి ఈ మూలకి ప్రతి అక్షరం వినిపించింది.

అతను చెయ్యి తీయలేదు.

కోడలు కలం మూత తీసింది.